అవ్వ కడుపు మీద గీసిన బొమ్మ

నర్సింగ్ కాలేజీలో మొదటి ఏడాది నన్ను అన్నిటికంటే ఏడిపించిన పాఠం జీర్ణవ్యవస్థ. ఎముకల పేర్లు తొందరగానే నోటికి వచ్చాయి. గుండె గదులు నాలుగూ కళ్ళు మూసుకుని గీసేదాన్ని. పేగుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కుర్చీలో కూర్చోలేకపోయేదాన్ని. చదువుతుంటే నా కడుపులోనే ఏదో కదులుతున్నట్టు ఉండేది. లేచి గదంతా తిరిగి, మళ్ళీ కూర్చుని, డుయోడినం తర్వాత వచ్చేది జెజునమా ఇలియమా అని మొదటికి వచ్చేదాన్ని.

డర్బన్ కూడా అప్పుడు నాలాగే కుదురు లేకుండా ఉంది. దక్షిణాఫ్రికాలో అన్ని రంగుల వాళ్ళూ కలిసి ఓటేసే మొదటి ఎన్నికలకు ఇంకో రెండు వారాలే ఉన్నాయి. ఏం జరుగుతుందోనని జనం కొవ్వొత్తులు, డబ్బాల చేపలు, పిండి కొనుక్కుపోయి అంగళ్ళు ఖాళీ చేశారు. హాస్టల్లో నా పక్క గది జులూ అమ్మాయిది. ఊరి పక్కనే క్వామషులో ఉన్న వాళ్ళింటికి ఆమె వెళ్ళక నెల దాటింది. దారిలో కాల్పులు జరుగుతున్నాయి, రావద్దని వాళ్ళమ్మే చెప్పిందట. ఇద్దరం కలిసి చదువుకునేవాళ్ళం. ఆమె పేగులను మినీబస్సు టాక్సీ దారిలా గుర్తుపెట్టుకునేది.

“నోటి దగ్గర ఎక్కాం. జీర్ణాశయం దగ్గర బండి చాలాసేపు ఆగుతుంది. డుయోడినం స్టాపులో పైత్యరసం, క్లోమరసం ఎక్కుతాయి.”

“పైత్యరసం ఎక్కడి నుంచి వచ్చింది?”

“కాలేయం నుంచి. నూనె కూర వచ్చేదాకా పిత్తాశయంలో కూర్చుని ఎదురుచూస్తుంది.”

బయట సైరన్ మోగితే ఇద్దరం ఆ స్టాపులోనే ఆగిపోయేవాళ్ళం. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి, మోత దూరమయ్యేదాకా వీధిలోకి చూసేది.

ఆ శనివారం డర్బన్ శివార్లలో ఒట్టావా అనే ఊళ్ళో ఉన్న మా ఇంటికి వెళ్ళాను. ఇంట్లో నాయన, నాయన తల్లి అవ్వ, నేను. తాతల కాలంలో చెరకు తోటల పనికి వచ్చిన కుటుంబం మాది; ఇప్పుడు తెలుగు మాట్లాడేది అవ్వ ఒక్కతే. నాకు అర్థమయ్యేది, ముక్కలు ముక్కలుగా బదులిచ్చేదాన్ని. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు ఆ తర్వాత చాలా ఏళ్ళకు నేర్చుకున్నాను.

“అవ్వా, కాస్త పడుకో. నీ కడుపు మీద పాఠం చదువుకుంటా.”

“ఏటే పిల్లా, నా కడుపేటి నీ స్కూలు బుక్కా?” అంటూనే మంచం మీద వాలింది.

కనుబొమల పెన్సిల్ తీసుకుని, కుడివైపు కింద అపెండిక్స్ దగ్గర మొదలుపెట్టాను. పెద్దపేగు పైకి, అడ్డంగా ఎడమవైపుకి, మళ్ళీ కిందికి. అవ్వ చర్మం మెత్తగా ముడతలు పడి, గీత వంకర పోయేది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆఖరున కుడి పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి, “గట్టిగా ఊపిరి పీల్చు” అన్నాను.

సగంలోనే ఊపిరి ఆగిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

“నొప్పా?”

“నేదు. గిలి.”

గిలి పెడితే మనిషి నవ్వుతుంది. అవ్వ నవ్వలేదు. నా వేళ్ళ కింద ఉన్నది పిత్తాశయం. పుస్తకంలో చెప్పినట్టే అక్కడే నొప్పి, అక్కడే ఊపిరి ఆగడం. ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది, పాఠం వచ్చేసిందని. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది.

అడగ్గా అడగ్గా చెప్పింది. రెండు నెలలుగా నూనె కూర తింటే వీపు దాకా పోటు. గ్యాసనుకుని అల్లం నీళ్ళు తాగుతోందట. నాయనకి చెప్పాను. ఆయన బక్కీ కింద, అదే మా చిన్న ట్రక్కు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. “నాలుగు నెలలకే డాక్టర్‌వైపోయావా?” అన్నాడు. అయినా లేచి చేతులు తుడుచుకున్నాడు. కాదన్నది అవ్వే.

“అయ్, సుకా, పొండవతలకి! ఓటేసినాకే ఆస్పత్రి. ఎనకటికి నల్లోళ్ళకి నేకుండా తెల్లోళ్ళు మనకిచ్చిన దొంగ ఓటుకి నాను ఎల్లనేదు. ఇది నిజమైంది. నాను ఆడ పడుకుంటే నా ఓటెవుడేత్తాడు?”

నేను గట్టిగా పోట్లాడి ఉండాల్సింది. పోట్లాడలేదు. ఆ రెండు వారాలు రోజూ హాస్టల్ ఫోన్ నుంచి అడిగేదాన్ని: ఏం తిన్నది, జ్వరముందా, కళ్ళు పచ్చబడ్డాయా. ఎన్నికల రోజులకు కాలేజీ మూసి, జీర్ణవ్యవస్థ మీద పెట్టాల్సిన పరీక్ష వాయిదా వేశారు. నాకు ఆ సంగతి సంతోషం కూడా ఇవ్వలేదు. భోజనాల దగ్గర ఎవరు వేపుడు తిన్నా వాళ్ళ కుడి పక్కటెముకల వైపే చూసేదాన్ని.

ఓటింగు రోజు బడి గేటు నుంచి చెరకు తోట దాకా జనం. ఎండ ఎక్కాక అవ్వ ముందుకు వంగిపోయింది. మా ముందున్న ముసలి జులూ ఆవిడ తను కూర్చున్న ప్లాస్టిక్ పెట్టె అవ్వ కిందకి జరిపి, ముందున్న వాళ్ళను కేకేసింది. “గోగోకి దారివ్వండి!” గోగో అంటే వాళ్ళ భాషలో అవ్వ. వరస రెండుగా చీలింది.

“ఆస్పత్రికి పోదాం పద,” అన్నాను ఏడుస్తూ.

అవ్వ నా మణికట్టు పట్టుకుంది. “ఇంకొంచెమే పిల్లా.”

ఒక పిడికిలి పక్కటెముకల కింద అదిమిపెట్టుకుని, రెండో చేత్తో కాగితం పట్టుకుని తెర వెనక్కి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. నేను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డాను. వచ్చాక గేటు దగ్గర పచ్చగా కక్కుకుంది. అదేమిటో నాకు తెలుసు, ఏ గొట్టంలోంచి వచ్చిందో తెలుసు. ఆ తెలివి అక్కడ ఎందుకూ పనికి రాలేదు. నాయన ఆమెను చంటిపిల్లలా ఎత్తి బక్కీలో పడుకోబెట్టాడు.

ఆస్పత్రిలో డాక్టరు అక్కడే నొక్కితే అవ్వ ఈసారి కేక పెట్టింది. మర్నాడు ఉదయం ఆపరేషన్ చేశారు. పిత్తాశయం నిండా రాళ్ళు, చీము. ఇంకో రోజు ఆగితే పగిలేదని డాక్టరన్నాడు. నాయన నా వైపు చూశాడు. ముందే తెలుసని నేను డాక్టరుకి చెప్పలేదు.

ఆపరేషన్ తర్వాత పేగులు కొన్నాళ్ళు మూగబోతాయి. అవి కదిలేదాకా తిండి పెట్టరు. మూడో రోజు వార్డు సిస్టర్ తన స్టెతస్కోపు నా చేతికిచ్చి, “నువ్వే విను” అంది. కట్టుకి దూరంగా, ఎడమవైపు పెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో లోతుగా నీళ్ళు జారిన చప్పుడు, ఆగి మళ్ళీ ఇంకొకటి.

“ఏటి ఇనబడతంది?”

“పేగులు కదుల్తున్నాయవ్వా.”

“అయితే టీ తెమ్మను.”

వాయిదా పడ్డ పరీక్ష రాశాను. కంగారులో క్లోమం పేరు రాయడం మరిచిపోయాను గానీ గట్టెక్కాను. అవ్వ ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. వేపుడు మానలేదు.