నాలుగో నంబరు పాదం

చెప్పుల కొట్టులో పెరిగినవాళ్లం మనిషిని కింద నుంచి పైకి చూస్తాం. మొహం దాకా వచ్చేసరికి బేరం సగం అయిపోయి ఉంటుంది. మడమ అరిగిన చెప్పులతో వస్తే మన్నిక గురించి మాట్లాడాలి, నిగనిగలాడే చెప్పులతో వస్తే ఫ్యాషన్ గురించి. ఈ విద్య మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. దాంతో పాదాలంటే నాకు తెలుసనుకున్నాను చూడండి, అక్కడే నా తెలివి బయటపడింది.

భద్రాచలం బస్సులు పోయే రోడ్డు మీద, బొగ్గు గనులను ఆనుకుని ఉన్న చిన్న పట్టణం మాది. కాంట్రాక్టు పనులవాళ్లు కొందరు బూట్లు మా దగ్గరే కొనుక్కుంటారు. వాళ్లు బూటును ముందు చేతిలో పట్టుకుని తూకం చూస్తారు, సంతలో గుమ్మడికాయను చూసినట్టు. బరువుంటే గట్టిదని లెక్క. నేను కూడా "లోపల ఇనుప టోపీ ఉన్నది, బండ పడ్డా వేళ్లు బతుకుతయ్" అంటూ బూటు ముందు భాగాన్ని స్టూలుకేసి కొట్టి చూపించేదాన్ని. ఆ బరువును రోజంతా ఎత్తి దించాల్సిన కాలు మాత్రం కొనేవాళ్లకూ గుర్తు రాదు, అమ్మే నాకూ గుర్తు రాదు.

పోయిన వానాకాలంలో చండ్రుగొండ వైపు ఊరి నుంచి ఒకామె వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. బొగ్గును పైకి మోసుకెళ్లే బెల్టు దగ్గర, రాలిన బొగ్గు ఊడ్చే పని కొత్తగా దొరికిందట. బూట్లు లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ రోజుకు హాజరు పడదు.

"నాలుగో నంబరు ఉన్నదా అక్కా?"

ఈ రకం బూట్లు మా దగ్గర మగవాళ్లవే, ఆరో నంబరు నుంచి మొదలు. కానీ కొట్టులో 'లేదు' అనే మాట నోట రాకూడదని మా ఇంటి ఆచారం. ఇంట్లో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అన్నట్టే, కొట్టులో అడిగింది లేకపోతే ఉన్నదాన్ని పొగడాలి.

"ఆరు తీస్కో చెల్లె. బూటు జర వదులుగనే ఉండాలె. ఎండకు కాలు ఉబ్బుతది."

"గింత వదులా? నా కాలు, మా చెల్లె కాలు రెండూ పడ్తయ్ గిందుల."

"అయితే ఇద్దరికీ ఒకటే జత. లాభం నీకే గదా."

ఆమె నవ్వింది. నవ్విన మనిషి ఉత్త చేతులతో పోదు. బూటు కొనలో దూది కుక్కి, రెండేసి సాక్సులు తొడిగించి, లేసులు నేనే బిగించాను. దూది కుక్కడంలో నాకు పేరుంది. నలుగురిలో చెప్పుకునే పేరే అనుకునేదాన్ని.

మూడు వారాల తర్వాత ఒక గురువారం సాయంత్రం డ్యూటీ దిగి, వానలో మళ్లీ వచ్చింది. మనిషి కనిపించకముందే చప్పుడు విన్నాను. కాలు ఒకసారి పడుతోంది, బూటు మరుక్షణం పడుతోంది. వాపస్ ఇవ్వడానికే అనుకుని, వాడిన బూట్లు ఎందుకు తీసుకోకూడదో నాలుగు కారణాలు సిద్ధం చేసుకున్నాను.

"ఇంకింత దూది పెట్టియ్యక్కా," అంది.

నాలుగు కారణాలూ పక్కన పెట్టి, స్టూలు ముందుకు జరిపాను.

కూర్చుని సంగతి చెప్పింది. బెల్టు పక్కనే పైదాకా ఇనుప మెట్లున్నాయి. ముందు రోజు దిగుతుంటే బూటు పై మెట్టు మీదే ఉండిపోయి, కాలొక్కటే కిందికొచ్చింది. కమ్మీ చేతికి దొరికింది కాబట్టి బతికింది. సూపర్‌వైజర్ కంటబడింది.

"ఏమన్నడు?"

"'నడక రానోళ్లను ఏడికెల్లి పట్టుకొస్తవ్' అని మేస్త్రీ మీద మొత్తుకున్నడు. సోమవారం సూస్తడంట. మెట్లు సక్కగ ఎక్కకపోతే ఇంకోరిని పెట్టుకుంటరు." బూటు లేసు లాగుతూ, "నాకు నడక రాదంటక్కా. గుట్టలెక్కి తునికాకు కోసినదాన్ని," అంది.

బూట్లు విప్పింది. తడిసిన సాక్సులు కూడా తీసేసి మా ఎర్ర గచ్చు మీద నాలుగడుగులు వేసింది. ఆ తడి ముద్రలు చూసి నేను కౌంటరు దిగొచ్చాను. మడమ గుర్తు పడీ పడనట్టుంది. వేళ్ల వెనక మెత్తటి చోట మాత్రం నిండు మచ్చ. ఐదు వేళ్లూ లోపలికి గుంజుకుని, కొనలు మాత్రం చుక్కల్లా పడ్డాయి.

"వేళ్లెందుకు గట్ల ముడుస్తున్నవ్?"

"నేనేడ ముడుస్తున్న?"

నిజంగానే ఆమెకు తెలియదు. బూటు జారిపోకుండా మూడు వారాలుగా వేళ్లు వాటంతట అవే పట్టుకుని ఉన్నాయి. బూటు లోపలి అట్ట బయటికి లాగి చూశాను. వేళ్ల వెనక చోట బొటనవేలితో నొక్కినట్టు గుంట. మడమ చోట అట్ట కొత్తగానే ఉంది. అరికాలు తిప్పి చూస్తే, ఆ గుంట ఉన్నచోటే కాయ కాసి, చుట్టూ ఎర్రబడి ఉంది.

బకెట్టుతో నీళ్లు తెచ్చి, కాళ్లు తడుపుకుంటూ అటూ ఇటూ నడవమన్నాను. వింతగా చూసింది గానీ నడిచింది. ఆరేడు తిరుగుళ్లకు ముద్రలు మారసాగాయి. ముందు మడమ నిండింది. తర్వాత పాదం బయటి అంచు గీతలా తేలింది. వేళ్లు ఒక్కొక్కటే చాపుకున్నాయి, అన్నిటికన్నా చివర బొటనవేలు. నేను గచ్చు మీద మోకాళ్లూని చూస్తూ ఉండిపోయాను. బరువు మడమ మీద దిగి, బయటి అంచు వెంట పారి, బొటనవేలి వైపు తిరిగి, అక్కడి నుంచి నేలను తన్నుకుని లేస్తోంది. ఎక్కడా నిలవడం లేదు. ఒక్క అడుగులో ఇంత పని! ఎవరూ చెప్పకుండా, ఎవరి కంటా పడకుండా. పుట్టింది మొదలు పాదాల ముందు కూర్చుని బతికినదాన్ని, పాదం నడవడం అదే మొదటిసారి చూశాను. అన్నాళ్లూ చూసింది నంబరు.

కొనలో దూది తీసేసి, లేసుల కింద ఉండే నాలుక అడుగున మెత్త పెట్టాను. అలాగైతే కాలు వెనక్కి జరిగి, మడమ బూటుకు ఆనుకుని ఉంటుంది.

"గీ రెండు రోజులు ఎట్లనో వెళ్లదీయి. ఆదివారం రా. నీ నంబరు నా దగ్గర లేదు, తెస్త," అన్నాను.

ఆమె వెళ్లాక, నా కాలికి రెండు నంబర్లు పెద్దవైన బూట్లు తీసి, దూది కుక్కి తొడుక్కుని రోడ్డెక్కాను. టీ కొట్టతను కేక వేశాడు.

"ఏందక్కా, బొగ్గు బాయిల దిగుతున్నవా?"

"అవ్. నువ్వొచ్చి నా కొట్ల కూసో."

వేళ్లు ముడవనని ఒట్టేసుకుని బయల్దేరాను. టీ కొట్టు దాటేసరికి అన్నీ ముడుచుకునే ఉన్నాయి. నా వేళ్లే, నా మాట వినలేదు.

శనివారం ఖమ్మం బస్సెక్కాను. హోల్‌సేల్ అతను ఆడవాళ్ల సైజులు కదలవనీ, తీసుకుంటే పన్నెండు జతల పెట్టె మొత్తం తీసుకోవాల్సిందేననీ అన్నాడు. నేను బూటును రెండు చేతులతో వంచి, వేళ్లు మడిచేచోటే మడత పడుతోందా లేదా చూశాను. లోపల చేయి పెట్టి మడమ గిన్నె తడిమాను. ఇనుముకు బదులు ఫైబరు టోపీ, తేలిక. పెట్టె కట్టమన్నాను.

"తబియత్ మంచిగ లేదా అక్కా? బేరం చేస్తలేవు."

ఆదివారం ఆమె నాలుగో నంబరు తొడుక్కుంది. మా గోదాముకు పోయే ఇనుప మెట్లు ఎక్కింది, దిగింది. మళ్లీ ఎక్కింది. మూడోసారి కమ్మీ వదిలేసి ఎక్కింది.

"ఎట్లున్నయ్ చెల్లె?"

"బూటు నాతోటే వస్తున్నదక్కా. ఇన్నాళ్లు నేనే దాన్ని ఈడ్సుకపోయిన."

సోమవారం పొద్దున్నుంచి నా బేరాలన్నీ పక్కదారి పట్టాయి. ఒకాయన అడిగిన ధరకే ఇచ్చేసి, ఆయన్నే భయపెట్టాను. పదకొండు కావస్తుండగా ఫోను మోగింది, ఆమె నంబరే. హలో అంటే మాట రాలేదు, ఒకటే రొద. ఇనుము గిరగిర తిరుగుతున్నట్టు, ఎక్కడో ఎత్తు నుంచి రాళ్లు దొర్లుతున్నట్టు. ఆ రొదలో ఆమె ఏదో అరుస్తోంది.

"ఏందీ? వినపడ్తలేదు చెల్లె!"

"పైనున్న! పైకొచ్చిన!"

గల్లాపెట్టె వదిలేసి నిలబడిపోయాను. బెల్టు హోరు నా చెవిలోకి దిగుతూనే ఉంది.