పది నిమిషాల గీత

కల్వకుర్తి అవతల తమ పక్క ఊళ్లో గొర్రెలకు పారుడు రోగం మొదలైందని మా మామ మల్లయ్య కబురు పెట్టాడు. టీకా సీసాల ఐసు పెట్టెతో నల్లగొండలో ఉదయం ఆరూ ఇరవైకి దేవరకొండ బస్సెక్కాను. మామ ఊరివాళ్లు నిరుడు దారిలో చల్లదనం పోయిన మందు వేయించి మందలో సగం పోగొట్టుకున్నవాళ్లు. అందుకే ఈసారి దారంతా మందు చల్లగానే ఉందని రుజువు చూపాలని షరతు పెట్టారు.

ఎలక్ట్రానిక్స్ రిపేరు నా పని. పెట్టెకు అగ్గిపెట్టెంత కంప్యూటర్ బోర్డు తగిలించాను. లోపలి చల్లదనాన్ని కొలిచి తెర మీద గీత గీస్తుంది. బోర్డు ఆరితే గీత తెగుతుంది. వాళ్ల షరతు ప్రకారం అలా మొత్తం పది నిమిషాలు దాటితే మందు పారబోయాల్సిందే. కరెంటుకు ఇటుకంత పవర్‌బ్యాంకు కొన్నాను. పెద్దదైతే భద్రమని నా తెలివి!

ఊరు దాటగానే బోర్డు ఆరిపోయింది. పవర్‌బ్యాంకు బొత్తాం నొక్కితే అర నిమిషానికి లేచింది, కాసేపటికి మళ్లీ ఆరింది.

పక్క సీటు అవ్వ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ మడిచి కొంగున కట్టుకుంటూ అడిగింది. "బిడ్డా, ఫోన్ సచ్చిపోయింది. జర నీ దాంట్ల పెడతవా? నా బిడ్డ కల్వకుర్తి దవాఖానల కాన్పుకున్నది."

"గిది నా గొర్ల సూదిమందు పెట్టెకే సాలుతలేదవ్వా," అన్నాను కసురుగా.

ఎనిమిదికి దేవరకొండ. ఇడ్లీ తినే ధైర్యం లేక కల్వకుర్తి బస్సెక్కాను. అవ్వ మళ్లీ నా పక్కనే కూర్చుంది. ఈసారి ఏమీ అడగలేదు, చచ్చిన ఫోన్‌ను చీర చెంగుతో తుడుస్తోంది. అప్పటికి తొమ్మిది నిమిషాలు పోయాయి. ఇంకో రెండుసార్లు ఆరితే అంతే. పోయేది ఎలాగూ పోతుందని, సిగ్గుపడి ఆమె ఫోన్‌కు తీగ తగిలించాను.

తర్వాత బోర్డు ఆరలేదు. అప్పుడు వెలిగింది నా బుర్ర. పెద్ద పవర్‌బ్యాంకు ఇంత చిన్న బోర్డును లెక్కచేయదు. ఎవరూ వాడటం లేదనుకుని నిద్రపోతుంది. ఇంట్లో పరీక్షించినప్పుడు నా ఫోన్ కూడా దానికే ఉండింది మరి.

అవ్వ ఫోన్ లేచింది, వెంటనే మోగింది. విని నా వైపు తిరిగింది. "ఆపరేషన్‌కు సరే అనేటోళ్లు లేరట. అల్లుడు పుణెకు పనికి పోయిండు. పొద్దటి సంది నాకే చేస్తుండ్రట." ఫోన్‌లోకి అరిచింది. "చెయ్యుండ్రి సారూ, నేనొస్తున్న!"

నేను కిటికీ వైపు తిరిగాను. నా గీతలో తెగినవి తొమ్మిది నిమిషాలు, ఆమె ఫోన్‌ను నేను ఆపింది రెండు గంటలు.

పదకొండింటికి ఊళ్లో మామ తెర మీది ఖాళీలను వేలితో లెక్కపెట్టాడు. అన్నీ దాచకుండా చెప్పాను. "తొమ్మిదే. సూదులు తియ్యి అల్లుడా," అన్నాడు.

మూడింటికి తిరుగు దారిలో కల్వకుర్తి దవాఖానకు వెళ్లాను. వరండాలో అవ్వ ఒడిలో పసికందు. తల్లి లోపల క్షేమంగానే ఉందట. తిడుతుందనుకున్నాను.

"గొర్లకు సూదులేసిండ్రా బిడ్డా?" అంది నన్ను చూడగానే.

తలూపాను. నల్లగొండ బస్సులో పవర్‌బ్యాంకును సంచిలో పెట్టలేదు, అందరికీ కనబడేలా ఒళ్లోనే పెట్టుకున్నాను.