కండెన్సర్ పోయిన ఫ్యాన్

మే రెండో ఆదివారం. ఉక్కపోత. పొద్దున్నే ఫ్యాన్ రెక్కలు తుడిచాను. స్విచ్చి వేస్తే తిరగకుండా మూలిగింది, కండెన్సర్ పోయింది. అలాంటి ఫ్యాన్ కర్రతో తోస్తే గానీ కదలదని మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

కోడూరులో మా ఇంట్లో ఆ పని అమ్మది. కరెంటు వచ్చినప్పుడల్లా నిండు చూలాలై ఉండి కూడా తనే లేచి రెక్కను తోసేది.

"కండెన్సర్ వేయించండీ" అంటే, "నువ్వున్నావుగా" అని నాన్న నవ్వేవాడు.

అమ్మ కాన్పుకి పుట్టింటికి వెళ్ళిన మర్నాడే నాన్న కండెన్సర్ వేయించాడు.

చంటిపిల్లతో తిరిగొచ్చిన అమ్మ స్విచ్చి వేసి, అలవాటుగా కర్ర అందుకుంది. ఈలోగా ఫ్యాన్ దానంతటదే తిరిగింది.

"నువ్వు లేవు కదే, మాటిమాటికీ ఎవరు లేస్తారు?" అన్నాడు నాన్న.

అమ్మ కర్రను విరిచి పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే ఆయనకు కాఫీ కాచింది.