కాలువ పెళ్లాం తూబా

తూబాకు రెండో మొగుడు నీళ్లు. వేళాకోళం కాదు, ముల్లా వచ్చి చదివి మరీ చేసిన పెళ్లి. కెర్మాన్ కొండల అడుగునున్న ఆ ఊళ్లో, సొరంగ కాలువకు పెళ్లాం లేకపోతే నీరు అలిగి పోతుందని నమ్మకం. మొదటి మొగుడు పోయి నల్లబట్టల్లో ఉన్న తూబాను పెద్దలు ఒప్పించి, ఎర్ర ముసుగు వేసి, కాలువకిచ్చి కట్టబెట్టారు. ఆమెకు ఏడాది గింజలు ఊరే కొలిచేది. శుక్రవారం శుక్రవారం ఆ నీళ్లలో దిగి స్నానం చేయడమే ఆమె కాపురం.

ఆ నీరు కొండ కడుపులోంచి నేరుగా పాత రాజుల మహల్ కిందికే వచ్చేది. కట్టినవాడెవడో గానీ మహా గడుసువాడు. గుమ్మటం గదిలో ఎనిమిది మూలల కొలను కట్టి, నీటిని అక్కడ కాసేపు కూర్చోబెట్టి, ఎండాకాలం గదంతా చల్లబడేలా చేశాడు. ఆపైన సైప్రస్ చెట్ల వరసల నడుమ మెట్టు మెట్టుగా దించాడు. వాలు బలంతోనే ఫౌంటెన్లు ఎగిసేవి. అట్టడుగు కొలనులో మహల్ తలకిందులుగా నిలబడేది. "మా ఆయన ఇల్లు" అని తూబా మురిసిపోయేది.

పైన పిస్తా తోటలవాళ్లు లోతు బోర్లు వేశారు. మోకాళ్ల లోతు నీరు పిక్కలకు, పిక్కల నుంచి మడమలకు దిగింది. నింద మాత్రం తూబా మీద పడింది.

"ముసలిదానివైపోయావు వదినా, ఆయనకు మొహం మొత్తావు" అన్నాడు మహల్ తోట కాపలాదారు గొద్రత్.

"బోర్లేసిన ఆ సచ్చినోళ్లను అడగవేంరా? నా మీదేనా నీ నోరు?"

అడిగే దమ్ము ఎవరికుంది? పెద్దలు వయసులో ఉన్న ఇంకో వితంతువును వెతికారు. ఆమె "ఎండిపోయిన మొగుడు నాకొద్దు" అని మొహం మీదే చెప్పేసింది.

నీరు పూర్తిగా ఆగిన శుక్రవారం తూబా ఖాళీ కొలనులో దిగి, పగిలిన నీలి పలకల మీద కూర్చుని ఏడ్చింది. ఇంటికెళ్లి పెట్టె అడుగున దాచిన నల్లబట్టలు కట్టుకుంది. మొదటి మొగుడు పోయినప్పుడు ఊరంతా పరామర్శకు వచ్చింది, చావు హల్వా పంచింది. ఈసారి ఒక్కరూ గుమ్మం తొక్కలేదు. నీటికి చావేమిటని నవ్వారు.

కొత్త సంవత్సరపు నౌరూజ్ పండగ ముందు గొద్రత్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఆ నల్లబట్టలు విప్పెయ్ వదినా! మీ ఆయన తిరిగొచ్చాడు. ఫౌంటెన్లు ఆడుతున్నాయి!"

పడుతూ లేస్తూ వెళ్లింది. నిజమే, కొలనులో మహల్ మళ్లీ తలకిందులుగా నిలబడి ఉంది. యాత్రికులు ఫోటోలు తీసుకుంటున్నారు. తూబా వంగి చెయ్యి ముంచింది. తన నీరు నడివేసవిలోనూ ఎముకలు కొరికేది. ఇది గోరువెచ్చగా ఉంది, క్లోరిన్ వాసన కొడుతోంది. గోడ వెనక నీళ్ల ట్యాంకరు ఆగి ఉంది, మోటారు గుర్రుమంటోంది.

"దిగవేం వదినా? ఇవాళ శుక్రవారమే కదా!"

తూబా తడి చేతిని నల్లముసుగుకు తుడుచుకుంది.

"పరాయివాడి దగ్గరికి ఎట్లా దిగమంటావురా?"