మధ్యలో జారిపోయిన వాక్యాలు

ప్రెస్సులో అందరూ ఆవిణ్ణి కంప్యూటరమ్మ అనేవాళ్ళు. మొదట్లో ఎవరో వేళాకోళానికి అన్న మాట అది. తర్వాత అదే ఖాయమైపోయింది. చివరికి జీతాల గుమాస్తా కూడా అసలు పేరు కోసం ఒక క్షణం తడుముకునేవాడు.

పెళ్ళికి ముందు ఆవిడ ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాసేది. పిల్ల పుట్టాక మానేసింది. పిల్ల బడికి వెళ్ళడం మొదలుపెట్టాక మళ్ళీ పని వెతుక్కుంటే, ఇన్నేళ్ళు ఏం చేశారని అడిగినవాళ్ళే గానీ రమ్మన్నవాళ్ళు లేరు. అప్పుడు వదిన చెయ్యి పట్టుకుని తను పనిచేసే చోటికి తీసుకెళ్ళింది. వదినంటే భర్తకి అక్క. పుట్టుకతోనే చూపు లేదు, పెళ్ళి తనకి తానుగా వద్దనుకుంది. తమ్ముడింట్లో వీధివైపు గది ఆవిడది. ఆ గదిలోంచే ఇల్లంతా నడిపేది.

ఆ ప్రెస్సులో చూపులేనివాళ్ళు చదివే పుస్తకాలు అచ్చువేస్తారు. మందపాటి కాగితం మీద అక్షరాలు ఉబ్బెత్తు చుక్కలుగా పడతాయి. పొడవాటి హాల్లో వరసగా మిషన్లు. అన్నీ ఒక్కసారి మొదలెడితే రేకుల కప్పు మీద వడగళ్ళు పడుతున్నట్టే ఉంటుంది. ఏ పుస్తకమైనా ముందు ఒక్క కాపీ వేస్తారు. హాలు చివర చిన్న గదిలో కూర్చుని వదిన దాన్ని వేళ్ళతో చదువుతుంది. తప్పున్న చోటల్లా గోటితో కాగితం నలిపేస్తుంది. అవి దిద్దాక మిగతా కాపీలకి అన్ని మిషన్లూ కలిసి పనిచేస్తాయి. నలిగిపోయిన ఆ మొదటి కాపీని ఎవరూ దాచరు, చింపేస్తారు.

వదిన నోటికి అందరూ జడిసేవాళ్ళు. "ఈ రచయితగారు వాక్యం మొదలెడితే ఎక్కడా దిగరు, నా వేళ్ళకి ఆయాసం వస్తోంది" అని హాలంతా వినపడేలా అనేది. మరదలి ప్రోగ్రాముల గురించి మాత్రం ఏమీ అనేది కాదు. తెలియని విషయంలో తల దూర్చడం ఆవిడకి నచ్చదు. పైగా ఆ ప్రోగ్రాములు మరదలు రాసినవి కూడా కావు. అంతకుముందున్న మనిషి రాసిపెట్టి, వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. అవి కదలకుండా చూసుకోవడమే కంప్యూటరమ్మ పని.

మొదటి ఫిర్యాదు ఒక సంగీతం మాష్టారి దగ్గర్నుంచి వచ్చింది. అపరాధ పరిశోధన నవల ఒకటి ఆయనకి వెళ్ళింది. ఫోన్లో ఆయన గొంతు నిండా ఉక్రోషం. తలుపు తెరుచుకుంటుంది, లోపలికి ఎవరో వస్తారు, ఆ తర్వాతి లైనులో అప్పుడే శవం చుట్టూ చేరి ఏడుస్తున్నారట. ఇంతకీ చంపింది ఎవరు బాబూ అని ఆయన గోల. ప్రెస్సులో అందరూ నవ్వుకున్నారు. తర్వాత ఒక బడి నుంచి మాట వచ్చింది, సైన్సు పాఠంలో సగం వాక్యాలే ఉన్నాయని. అప్పుడు నవ్వు ఆగిపోయింది. ఇంకా వచ్చాయి. ఏ పుస్తకం చూసినా వదిన చదివి బాగుందని పంపినదే.

మేనేజరు మంచివాడే. నేరుగా ఏమీ అనలేదు. వదిన గదిలోకి వెళ్ళి, కుర్చీ లాక్కుని కూర్చుని, వయసు పెరిగే కొద్దీ అందరికీ కాస్త విశ్రాంతి కావాలి కదమ్మా అన్నాడు. ఇకనుంచి ఆవిడ చదివాక ఇంకొకరు కూడా ఒకసారి చదువుతారన్నాడు. వదిన సరే అంది. ఆవిడ అంత తేలిగ్గా సరే అనడం కంప్యూటరమ్మ ఎప్పుడూ వినలేదు.

ఇంట్లో వదిన మాట తగ్గిపోయింది. తమ్ముడు కూరలో ఉప్పెక్కువైందని గొణిగితే, మామూలుగా అయితే వెంటనే అందుకునే మనిషి, తల వంచుకుని తినేసి లేచింది. ఆయన భార్య వైపు చూశాడు, ఏమైందన్నట్టు. అక్కకీ భార్యకీ మధ్య నలగడం ఆయనకి అలవాటే గానీ, ఇద్దరూ నోరెత్తకపోతే ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు.

ఒకరోజు పొద్దున్న కాఫీ ఇవ్వడానికి వెళితే వదిన మంచం మీద కూర్చుని దువ్వెన పళ్ళు ఒక్కొక్కటే వేలికొసతో తడిమి చూసుకుంటోంది. తర్వాత దిండుగలీబు కుట్టు మీదికి వేలు పోనిచ్చింది. మరదలు వచ్చిన అలికిడి విని కూడా చెయ్యి తీయలేదు.

"ఏమే, నా వేళ్ళు మొద్దుబారుతున్నాయేమోనే," అంది. "తమ్ముడికి చెప్పకు. వాడు నన్ను డాక్టర్ల చుట్టూ తిప్పుతాడు."

వదినకి ఆ వేళ్ళే కళ్ళు, ఉద్యోగం, పొగరు, అన్నీనూ. కంప్యూటరమ్మ కాఫీ చల్లారిపోయేదాకా పక్కనే కూర్చుంది. అలా కూర్చున్నప్పుడే ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. తప్పు చదవడంలో ఉంటే, వదిన చూడకుండా వదిలేసిన వాక్యాలే అన్ని కాపీల్లోనూ అదే చోట లేకుండా పోవాలి. అలాగే పోయిందా? ఎవరైనా చూశారా?

ఎవరూ చూడలేదు. ఆ రోజే ఆవిడ సంగీతం మాష్టారు తిప్పి పంపిన నవలనీ, ఒక లైబ్రరీ నుంచి వెనక్కి వచ్చిన అదే నవల ఇంకో కాపీనీ సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఆదివారం పొద్దున్న రెండూ వదిన ముందు పరిచింది. వదిన మొదట ఒప్పుకోలేదు. నా వేళ్ళ మీద నీక్కూడా పరీక్షా అంది. తర్వాత ఎందుకో ఎడమ చెయ్యి ఒక పుస్తకం మీద, కుడి చెయ్యి ఇంకో పుస్తకం మీద పెట్టింది. రెండు చేతులూ పక్కపక్కన కదులుతుంటే కంప్యూటరమ్మ చూస్తూ కూర్చుంది.

తలుపు తెరుచుకున్న చోట ఎడమ చేతి కింద వాక్యాలు లేవు. కుడి చేతి కింద ఉన్నాయి. వదిన చేతులు ఆగిపోయాయి. మళ్ళీ వెనక్కి వెళ్ళి తడిమింది. ఇంకొన్ని పేజీలు పోయాక కుడివైపు ఖాళీ, ఎడమవైపు ఉంది.

"ఈ ముక్క నేను చదివానే," అంది వదిన మెల్లగా. "గుమ్మం దగ్గర తడి చెప్పులు. బాగా రాశాడనుకున్నాను కూడా." పుస్తకాల మీంచి చేతులు తీసి అడిగింది. "అయితే తప్పు నాది కాదా?"

"మీది కాదు వదినా. నా మిషన్లదే."

వదిన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుంది. తర్వాత, అయితే వెళ్ళి బాగుచెయ్యి, ఇక్కడ కూర్చుని నా మొహం చూస్తావేం అంది. ఆ గొంతులో పాత కరుకు కాస్త తిరిగొచ్చింది.

సోమవారం కంప్యూటరమ్మ మిషన్ల మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుంది. ఏ కాపీ ఏ మిషను మీద పడిందో, ఆ వేళ ఏం జరిగిందో ఇద్దరూ గుర్తు చేసుకున్నారు. కాగితం అయిపోయి కొత్త కట్ట ఎక్కించిన చోటే వాక్యాలు ఎక్కువగా పోతున్నాయని మేస్త్రీయే అన్నాడు. ఆ మాటతో దారి దొరికింది. పాత ప్రోగ్రాం తెరిచి మొదటి నుంచీ చదివింది.

పుస్తకంలోంచి ఒక్కో లైనూ తీసి మిషన్ల వైపు పోయే స్ట్రీములోకి రాయడమే ఆ ప్రోగ్రాం పని. స్ట్రీమంటే ఒక చివర ఒకరు రాస్తూ పోతుంటే రెండో చివర ఇంకొకరు తీసుకుంటూ పోయే దారి. కంప్యూటరు రాసే వేగానికీ, మిషను కాగితం మీద చుక్క గుద్దే వేగానికీ పొంతనే లేదు. అందుకని మధ్యలో అన్ని మిషన్లకీ కలిపి ఒక పెట్టె ఉంది. రాసిన లైన్లు కాసేపు అందులో ఆగుతాయి. పెట్టె నిండబోతుంటే, రాసేవాడికి ఒక జవాబు వస్తుంది: ఇక చాలు, ఖాళీ అయ్యాక నేనే పిలుస్తాను. ఆ జవాబు ప్రతిసారీ వస్తూనే ఉంది. పాత ప్రోగ్రాం దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. రాసుకుంటూ పోయింది. చోటు లేని పెట్టె, వచ్చిన లైన్లని చడీచప్పుడూ లేకుండా పారేసింది. వదినకి వేసే మొదటి కాపీ ఒక్క మిషను మీదే పడుతుంది, ఒక్క కాపీ లైన్లన్నిటికీ పెట్టెలో చోటుంటుంది కాబట్టి అది ఎప్పుడూ నిండలేదు. ఆవిడ చదివింది నిండు పుస్తకమే.

కారణం తెలిసిన ఉత్సాహంలో కంప్యూటరమ్మ తొందరపడింది. ఒక్కో లైనుకీ మధ్య కాస్త విరామం పెట్టేసింది, నెమ్మదిగా రాస్తే పెట్టె నిండదు కదా అని. కొన్నాళ్ళు బాగానే ఉంది. బాగైపోయిందని ఇంట్లో చెప్పేసింది కూడా. ఈలోగా ఒక మిషనులో కాగితం ఇరుక్కుంది. దాన్ని లాగి సరిచేసేసరికి మేస్త్రీకి చాలాసేపు పట్టింది. ఆ విరామం ఏ మూలకీ చాల్లేదు. మళ్ళీ వాక్యాలు పోయాయి. మిగతా మిషన్లేమో అనవసరంగా నత్తనడక నడుస్తున్నాయి. మేనేజరు ఏమీ అనకుండా గడియారం వైపు చూసి వెళ్ళిపోయాడు. అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది. అవతలివాడికి ఎంతసేపు పడుతుందో తను ఊహించి లాభం లేదని, వాడు చెప్పింది వినాల్సిందేనని ఆవిడకి అప్పుడు బాగా తలకెక్కింది.

ఈసారి ప్రోగ్రాం మొత్తం తిరగరాసింది. ఇప్పుడు అడగడం మిషను వంతు. తనకి ఎన్ని లైన్లు పడతాయో అదే చెబుతుంది, ప్రోగ్రాం సరిగ్గా అన్నే ఇస్తుంది. పుస్తకంలోంచి కూడా ఆ మేరకే తీస్తుంది, ముందే తీసి గుట్ట పొయ్యదు. ఒక మిషను అడగకుండా ఊరుకుంటే దాని దగ్గరే చేతులు కట్టుకుని నిలబడదు. పిలిచిన వేరే మిషను పని చూసుకుని, ఇది పిలిచినప్పుడు వస్తుంది.

మొదటిసారి నడిపినప్పుడు అన్నీ హాయిగా మొదలయ్యాయి. కాసేపటికి ఒక మిషను ఆగిపోయింది. కాగితం ఉంది, కరెంటు ఉంది, కదలదు. మేస్త్రీ దాన్ని రెండుసార్లు చరిచి చూశాడు. కంప్యూటరమ్మ భోజనానికి కూడా లేవకుండా వెతికింది. దొరికాక నుదురు కొట్టుకుంది. ప్రోగ్రాం ముందు లైన్లు పంపి, ఆ తర్వాత చెవి ఒగ్గుతోంది. ఆ రెప్పపాటులోనే మిషను ఖాళీ అయి, పిలిచి, ఊరుకుంది. ఆ పిలుపు ఎవరూ వినలేదు. ఇది పిలుస్తుందని అదీ, అది పంపుతుందని ఇదీ ఎదురుచూస్తూ కూర్చున్నాయి. ముందు చెవి ఒగ్గి, తర్వాత పంపేలా ఆ రెండు వరసలనీ తారుమారు చేసింది.

మర్నాడు పరీక్షకి వదిన కూడా తన గదిలోంచి వచ్చి హాల్లో నిలబడింది. అన్ని మిషన్లూ మొదలయ్యాయి. పుస్తకం మధ్యకి వచ్చాక కంప్యూటరమ్మ సైగ చేసింది. మేస్త్రీ కావాలనే ఒక మిషనులోంచి కాగితం లాగేసి, నింపాదిగా టీ తాగడానికి వెళ్ళాడు. ఆ ఒక్క మిషనూ గప్‌చుప్‌గా ఉంది. మిగతావి వాటి మానాన అవి గుద్దుకుంటున్నాయి. మేస్త్రీ తిరిగొచ్చి, మూతి తుడుచుకుని, కాగితం ఎక్కించాడు. మిషను ఆగిన లైను తర్వాతి లైను నుంచి అందుకుంది.

ఆ కాపీ బయటికి రాగానే వదిన చెయ్యి చాచింది. కాగితం ఇంకా వెచ్చగా ఉంది. కూర్చోమని ఎవరు చెప్పినా వినకుండా, మిషను మూత మీదే పేజీలు పరిచి, నిలబడే చదివింది. కాగితం మారిన చోటికి వచ్చినప్పుడు ఆవిడ వేళ్ళు ఏమాత్రం తడబడలేదు. అది దాటి పేజీ చివరిదాకా వెళ్ళింది.

"ఉంది," అంది. "అంతా ఉంది."

అప్పుడు మాత్రం కుర్చీ అడిగింది. కూర్చున్నాక మరదలి చెయ్యి తడుముకుని పట్టుకుంది, వదల్లేదు. ఇన్నాళ్ళూ ఆకలి చచ్చిపోయిందని కంప్యూటరమ్మ గమనించనేలేదు. ఇప్పుడు ఒక్కసారిగా కడుపు నకనకలాడింది.

సాయంత్రం మేనేజరు వదిన గదికి వచ్చాడు. క్షమించండి అన్న మాట ఆయనకి నోరు తిరగలేదు. రెండో మనిషి అక్కర్లేదమ్మా, ఎప్పటిలాగే మీరొక్కరు చదివితే చాలు అన్నాడు. వదిన ఒప్పుకోలేదు. పని ఎక్కువైంది, మనిషిని ఉంచండి, కానీ నా వెనక కాదు, నా పక్కన కూర్చోబెట్టండి అంది. ఆయన గబగబా తలూపి, ఆవిడకి కనపడదని గుర్తొచ్చి, పైకి సరేనన్నాడు. వాక్యాలు పోయిన పుస్తకాలన్నీ మళ్ళీ వేసి ఉచితంగా పంపాలని కూడా ఆ రోజే తేల్చారు.

ఇంటికి వెళ్ళే బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. వదినకి ఏ సంగతీ కడుపులో దాగదు. ముందు సీట్లో కూరగాయల సంచీతో కూర్చున్న ముసలావిడతో మాట కలిపింది. మా మరదలు మిషన్లకి అడగడం నేర్పింది తెలుసా, ఇప్పుడవి ఎంత కావాలో అంతే అడిగి పుచ్చుకుంటాయి అని మొదలుపెట్టింది. ముసలావిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా, అలాగా తల్లీ, మంచి కోడలు దొరికింది మీకు అంది. కోడలు కాదు మరదలు అని వదిన సరిదిద్ది, మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది, ఈసారి ఇంకాస్త పెద్ద గొంతుతో. బస్సులో సగం మంది వెనక్కి తిరిగి చూశారు. వేరే రోజైతే కంప్యూటరమ్మ సిగ్గుతో కుంచించుకుపోయేదే. ఆ రోజు కిటికీకి తల ఆనించి, కళ్ళు మూసుకుని, వదిన చెబుతున్నదంతా వింటూ కూర్చుంది.