గేదెలు తిరిగిన వైపు

దయ్యాలంటే నాకు నవ్వు. చిన్నప్పుడు నాయనమ్మ దిష్టి తీస్తుంటే, ఉప్పు దండగని పోట్లాడేదాన్ని. ఇప్పటికీ నమ్మనండీ. నమ్మకుండానే ఇది రాస్తున్నాను.

నాది మట్టి పని. పూర్వం ఎప్పుడో పెద్ద గ్రహశకలం వచ్చి భూమిని గుద్దుకున్నప్పుడు రాయి కరిగి, గాజుపూసలై దూరదూరాలకు ఎగిరిపడింది. శకలం పడిన చోటికి దగ్గరయ్యేకొద్దీ పూసలు పెద్దవవుతాయి. ఇనుప గొట్టం దింపి, లోతు మట్టి తీసి, ఆ పూసల జాడ పట్టుకుని వెళ్లడమే నా పరిశోధన.

గుడివాడ దగ్గర ఆవగింజంత పూసలు దొరికాయి. ఘంటసాలలో మిరియాలంత. సంతోషంతో నాకు కాలు నిలవలేదు. కానీ రెండు చోట్లా ఒకటే చిత్రం. గొట్టం పైకి లాగగానే, మేస్తున్న గేదెలన్నీ తలెత్తి ఆగ్నేయానికి తిరిగి నిలబడ్డాయి.

"గాలి మళ్లిందమ్మా, అంతే," అన్నాడు ఘంటసాలలో వాటిని కాసే ముసలాయన. అంతేలే అనుకున్నాను. తీరా చూస్తే ఆకు కదలడం లేదు.

మూడోసారి దివిసీమలో, మా ఊరి పొలిమేరలోనే గొట్టం దింపాం. మిట్టమధ్యాహ్నం. పూసలు శనగగింజంత ఉన్నాయి! ఆనందంతో కేక పెట్టబోయి చుట్టూ చూశాను. గేదెలు, మేకలు, ఆఖరికి గట్టు మీది కుక్క కూడా ఆగ్నేయానికే చూస్తున్నాయి.

అటు ఉన్నది సముద్రం. పొద్దున్నే మా తమ్ముడు శ్రీను బోటేసుకుని అటే వేటకి వెళ్లాడు.

వాడికి ఫోన్ చేస్తే కలవలేదు. పూసలు అక్కడే వదిలేసి రేవుకి పరుగెత్తాను. అక్కడ చేపలమ్ముతున్న అమ్మ, "ఏంటే ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లిలా?" అంది. ఏమని చెప్పను? గేదెలు చూశాయని చెప్పనా?

పొద్దు వాలాక బోటు కనిపించింది. దిగగానే వాణ్ణి పట్టుకుని ఏడ్చేశాను.

"మధ్యాహ్నం ఇంజను ఆగిపోయిందక్కా," అన్నాడు శ్రీను. "వల లాగితే పిడికిలంత నల్ల గాజురాయి పడింది. కాలిపోతోందే బాబూ! భయమేసి నీళ్లల్లోకి విసిరేశా. వెంటనే ఇంజను అందుకుంది."

నా పరిశోధనంతా ఆ రాయే. ఇంకొకరైతే చెడామడా తిట్టేదాన్ని.

"మంచి పని చేశావురా," అన్నాను.

వేల ఏళ్లు నీటి అడుగున పడి ఉన్న రాయి ఎలా కాలుతుంది? నాకు తెలియదు. వాడి అరచేతుల బొబ్బలకి వెన్న రాసింది మాత్రం నేనే.

శ్రీను మళ్లీ వేటకి వెళ్తున్నాడు. వాడు బయలుదేరే పొద్దున, ముందు నేను వెళ్లి మా ఊరి గేదెలు ఎటు తిరిగి ఉన్నాయో చూసి వస్తాను.