రెండు గరిటెల మధ్య బంగాళాదుంప

నేను ఇల్లు అమ్ముకుని వేరే రాష్ట్రంలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నానని, అమెరికాలో మేముండే ఈ క్యారీ ఊళ్ళోని మనవాళ్ళ మధ్య ఒక మాట తిరుగుతోంది. అది నిజం కాదు. నిజమైన వార్త వేరే. మా ఎదురింటి అక్కయ్య పోయిన నెలలో నిద్రలోనే కన్నుమూశారు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆవిడ లేని వీధిలో నేను ఒక్కదాన్నీ ఉండలేనని అందరూ నా తరఫున నిర్ణయించేశారు.

తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినే మన పాట్‌లక్‌ల పద్ధతి మీకు తెలిసిందే. ఎవరేం తేవాలో రాసే పట్టికలో డెబ్బై దాటినవారి పేర్ల పక్కన ‘పేపర్ ప్లేట్లు’ అని ముందే రాసి ఉంటుంది. గౌరవంతోనే రాస్తారు. ముప్పై ఏళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన నేను, మొదటిసారి అది చూసి, లోలోపల ఉడికిపోతూనే వెళ్ళి ప్లేట్లు కొనుక్కొచ్చాను. అక్కయ్య ఊరుకోలేదు. పట్టిక చూసే అమ్మాయికి నా ఎదుటే స్పీకర్‌లో పెట్టి ఫోన్ చేశారు.

“ఏం బిడ్డా, నా చేతులు పడిపోయినయని ఎవరు చెప్పిన్రు?”

“అయ్యో, అది కాదు ఆంటీ! మీకు స్ట్రెయిన్ అవుతుందని...”

“ప్లేట్లు నువ్వు తే. మేము ఆలుగడ్డలు తెస్తం. నేను, ఎదురింటి చెల్లె.”

“నన్నడగకుండా నా పేరెలా ఇచ్చారండీ?” అన్నాను కోపంగా.

“అడిగితే వద్దంటవ్ గద!”

మరునాడు ఆవిడ వంటింట్లో దుంపకు రెండు పక్కలా రెండు చెక్క గరిటెల కాడలు ఆనించి, పల్చగా గాట్లు పెట్టడం మొదలుపెట్టారు. కత్తి కాడల మీద ఆగిపోతుంది. దుంప అడుగు తెగదు. నాకు గరిటెల అవసరమేమిటనుకుని, విడిగా కోయబోయి మొదటి దుంపను అడుగుదాకా తెగ్గోశాను. ముక్కలన్నీ బల్ల మీద చెదిరిపడ్డాయి.

“పర్వాలే, ఇది వేపుడుకైతది,” అన్నారు. తర్వాత గరిటెలు నా ముందుకు జరిపి, “ఇవి నీకు చెయ్యి రాదని కాదు చెల్లే. కత్తి యాడ ఆగాల్నో చెప్పేటందుకు,” అన్నారు.

గాట్లు పెట్టిన దుంపలను చన్నీళ్ళలో కడిగి, తుడిచి, నెయ్యీ ఉప్పూ రాసి ఓవెన్‌లో పెట్టేవారు. సగం కాలాక అవి విసనకర్రల్లా విచ్చుకునేవి. అప్పుడు బయటికి తీసి, మడతల్లోకి దిగేలా వెల్లుల్లి కారం కలిపిన నెయ్యి మళ్ళీ పోసేవారు. నేను ముందే పోసేద్దామని తొందరపడితే, “అది తెరుచుకోనీ. మూసుకున్నదాంట్ల ఎంత పోసినా పళ్ళెం పాలే,” అనేవారు. ఆ మాట నన్ను ఉద్దేశించే అన్నారేమోనని ఇప్పటికీ నా అనుమానం. ఆ మొదటి పాట్‌లక్‌లోనే మా ట్రే ముందు పిల్లలు వరుస కట్టారు. ఆ తర్వాత ఎవరూ మాకు ప్లేట్లు రాయలేదు.

ఆవిడ పోయిన వారానికి మా అమ్మాయి ఫోన్ చేసింది. “అమ్మా, ఇప్పుడు ఆంటీ కూడా లేరు. నువ్వు ఓవెన్ ఆన్‌లో పెట్టి మర్చిపోతే ఎవరు చూస్తారు? ఇల్లు అమ్మేద్దాం. పేపర్స్ పంపిస్తున్నా, సైన్ చెయ్యి.” దాని భయం నాకు అర్థమయింది. కాగితాలు వచ్చాయి. ఈ నెల పట్టికా వచ్చింది. నా పేరు పక్కన మళ్ళీ ప్లేట్లు.

అక్కయ్య కొడుకు తెచ్చిచ్చిన ఆ రెండు గరిటెలూ నా వంటింటి బల్ల మీదే ఉన్నాయి. కాడల నిండా ఆవిడ కత్తి గాట్లు. వాటి ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఎవరినీ అడగలేదు.

చీకటి పడ్డాక కారు నడపడం మానేశాను. ఇంటి తాళంచెవి ఒకటి ఆ పట్టిక అమ్మాయికి ఇచ్చాను. రోజూ ఉదయం ఎనిమిదింటికి ఫోన్ చేస్తానని మా అమ్మాయికి మాటిచ్చాను. కత్తి అక్కడ ఆగింది. సంతకం లేని కాగితాలను నిన్న తిరుగు టపాలో పంపేసి, పట్టికలో ‘పేపర్ ప్లేట్లు’ అన్న మాట కొట్టేసి, నా చేత్తో రాశాను: ఆలుగడ్డలు, రెండు ట్రేలు.